ఆగింది ఎంతసేపు?

"అన్నా, ఆడుతుంటే మధ్యల ఆగుతది. మళ్ల దానంతటదే నడుస్తది." టోలిచౌకిలో గేమింగ్ పార్లర్‌లో అడిగినా, రిపేరు షాపు కౌంటర్ దగ్గర నిలబడినా ఈ ఫిర్యాదు ఎప్పుడో ఒకప్పుడు చెవిన పడుతుంది. జవాబులూ సిద్ధంగానే ఉంటాయి. ర్యామ్ ఊడదీసి రబ్బరుతో తుడువు. ఇంకో ర్యామ్ వేయించు. ఫార్మాట్ కొట్టు. దేనికీ లొంగకపోతే డబ్బా ఎత్తుకొని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, అదే మన సీటీసీకి పో.

ఆ ఆడే గేమ్ ఏదని అడిగితే తరచూ వినబడే పేరు వైస్ సిటీ. పీసీ మీదకు 2003లో వచ్చింది. హైదరాబాద్‌లో ఒక తరం పిల్లలు గంటకింత అని కట్టి ఇంటర్నెట్ కేఫుల్లో ఆడిన గేమ్ అది. ఇప్పుడు వాళ్లలో చాలామందికి ఉద్యోగాలు, పిల్లలు. అయినా ఆదివారం మధ్యాహ్నం పాత సీడీయో, పాత ఫోల్డరో బయటికి తీస్తారు. ఆ గేమ్ పెట్టె మీద కనీస అవసరంగా రాసింది 800 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 128 మెగాబైట్ల ర్యామ్. ఈ రోజు చవకరకం ల్యాప్‌టాప్‌లో కూడా 8 గిగాబైట్లు ఉంటుంది, అంటే 64 రెట్లు. అలాంటి యంత్రానికి ఇంకో ర్యామ్ వేయిస్తే గేమ్ ఆగడం ఎందుకు మానుతుంది?

మానదు. ఎందుకంటే నెమ్మదిగా నడవడం ఒక జబ్బు, ఆగి ఆగి నడవడం ఇంకో జబ్బు. నెమ్మదిగా నడిచే యంత్రానికి శక్తి చాలడం లేదు. మధ్యలో ఆగి మళ్లీ మామూలుగా పరిగెత్తే యంత్రానికి శక్తి కావలసినంత ఉంది, అది దేనికోసమో ఎదురుచూస్తోంది. దేనికోసం అన్నది వెంటనే తెలియదు. ఎంతసేపు అన్నది మాత్రం కొలవొచ్చు. ఆ కొలత దొరికితే దోషి పేరు సగం తెలిసిపోతుంది. ఈ అధ్యాయమంతా ఆ కొలత గురించే.

టోలిచౌకి నుంచి షేక్‌పేట వైపు వెళ్లి కుడిచేతి గుట్టలెక్కితే ఫిల్మ్‌నగర్. అక్కడి వ్యాపారమంతా బొమ్మలదే. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు, ఒక్కొక్కటీ తెర మీద ఉండేది సుమారు 42 మిల్లీసెకన్లు. 'ఈగ' లాంటి సినిమాకు ఒక గ్రాఫిక్స్ ఫ్రేము తయారవడానికి గంటలు పట్టినా ప్రేక్షకుడికి ఇబ్బంది లేదు. విడుదల రోజుకి బొమ్మలన్నీ వరసగా పేర్చి ఉంటాయి. గేమ్‌కి ఆ సౌకర్యం లేదు. ఆటగాడు స్టీరింగ్ ఎటు తిప్పుతాడో ముందుగా తెలియదు కాబట్టి ప్రతి బొమ్మనూ అప్పటికప్పుడే గీయాలి. సెకనుకు 60 బొమ్మలు కావాలంటే ఒక్కోదానికి దొరికేది 16.7 మిల్లీసెకన్లు. ఆ వ్యవధిలో బొమ్మ పూర్తికాకపోతే పాత బొమ్మే తెర మీద నిలబడుతుంది. అరసెకను నిలబడితే కంటికి అది 'ఆగడం'.

ఇక్కడే మొదటి మోసం జరుగుతుంది. చాలామంది తెర మూలన ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఎన్ని బొమ్మలు) అంకె పెట్టుకొని, అది బాగానే ఉంది కదా అంటారు. లెక్క వేసి చూడండి. నిమిషానికి 3,600 బొమ్మలు గీయాల్సిన గేమ్ ఒకే ఒక్కసారి అరసెకను ఆగింది. పోయినవి 30 బొమ్మలు. మిగిలిన 3,570ని 60 సెకన్లకు పంచితే సగటు 59.5. అంకె చూసినవాడికి అంతా బాగుంది, ఆడినవాడి కారు మాత్రం గోడకు గుద్దుకుంది. హార్డ్‌వేర్ సమీక్షలు రాసేవాళ్లు కూడా ఏళ్ల తరబడి ఈ సగటునే నమ్మారు. 2011లో స్కాట్ వాసన్ అనే అమెరికన్ సమీక్షకుడు సగటు పక్కన పెట్టి, ప్రతి బొమ్మకూ ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో విడివిడిగా గీసి చూపించాక పద్ధతి మారింది. ఇప్పుడు ప్రెజెంట్‌మాన్ లాంటి ఉచిత ఉపకరణాలు ఆ పట్టిక ఇస్తాయి. అంత ఓపిక లేకపోతే ఫోన్‌తో తెరను వీడియో తీయండి. మామూలు వీడియోలో సెకనుకు 30 ఫ్రేములుంటాయి. ఆగిన చోట కదలని ఫ్రేములు లెక్కపెడితే అరసెకనా, రెండు సెకన్లా అన్నది తేలిపోతుంది.

తేలాక, ముందుగా హార్డ్ డిస్కును అనుమానించాలి. వైస్ సిటీ లాంటి గేమ్ నగరం మొత్తాన్ని ఒకేసారి ర్యామ్‌లోకి తెచ్చుకోదు. 128 మెగాబైట్ల కాలంలో అది కుదిరే పని కాదు. కారు ముందుకు పోతున్నకొద్దీ రాబోయే వీధి, భవనాలు, మనుషుల బొమ్మలను డిస్కు నుంచి కొంచెం కొంచెంగా తెచ్చుకుంటుంది, వెనకబడ్డ వీధులను వదిలేస్తుంది. అంటే ఆట సాగినంతసేపూ డిస్కు మీద ఆధారపడి ఉంటుంది. నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్కు ఒక చుట్టు తిరగడానికి 8.3 మిల్లీసెకన్లు. కావలసిన సమాచారం తల కిందికి రావడానికి సగటున అందులో సగం, తల సరైన గీత మీదికి జరగడానికి ఇంకో తొమ్మిదీ పదీ. ఆరోగ్యంగా ఉన్న డిస్కు ఒక అభ్యర్థనకు పదిహేను మిల్లీసెకన్లలోపే జవాబిస్తుంది. ఆటగాడికి తెలియను కూడా తెలియదు.

కానీ డిస్కు నిద్రపోయి ఉంటే? విండోస్ పవర్ సెట్టింగుల్లో సాధారణంగా 20 నిమిషాలు పని లేకపోతే డిస్కు మోటారును ఆపేసే ఏర్పాటు ఉంటుంది. గేమ్ ఒక డ్రైవులో, పాటలో సేవ్ ఫైళ్లో ఇంకో డిస్కులో ఉన్నాయనుకోండి. ఆ రెండో డిస్కు నిద్రలోకి జారాక, గేమ్ దాన్ని ఒక్క ముక్క అడుగుతుంది. మోటారు ఆగిన స్థితి నుంచి పూర్తి వేగం అందుకోవడానికి కొన్ని సెకన్లు కావాలి. అప్పటిదాకా గేమ్ కదలదు. ఒక సన్నని కూత వినిపించి, తరవాత ఆట మొదలైతే కారణం ఇదే. పాత గేముల్లో సీడీ నుంచి నేరుగా సంగీతం వాయించేవి కూడా ఉండేవి, 1996 నాటి క్వేక్ అలాంటిది. కొత్త పాట మొదలయ్యే ముందు సీడీ డ్రైవు మళ్లీ తిరగడం అందుకోవాలి కాబట్టి అక్కడా ఇదే తంతు.

నిద్ర సంగతి సెట్టింగుతో పోతుంది. జబ్బు సంగతి వేరు. డిస్కు మీద ఒక సెక్టారు పాడవడం మొదలైతే, డ్రైవు వెంటనే చేతులెత్తెయ్యదు. తలను కొద్దిగా అటూ ఇటూ జరిపి మళ్లీ మళ్లీ చదవడానికి ప్రయత్నిస్తుంది. ఇళ్లలో వాడే డిస్కులు ఇలా చాలా సెకన్ల పాటు మొండిగా ప్రయత్నిస్తాయి. చివరికి చదవగలిగితే, ఎవరికీ ఏమీ చెప్పకుండా సమాచారం ఇచ్చేస్తుంది. గేమ్ మళ్లీ నడుస్తుంది. ఏ ఎర్రర్ మెసేజ్ రాదు. అందుకే ఇది 'ఊరికే ఆగుతది' అనిపిస్తుంది. అదే వీధి మలుపులో, అదే కారు కనిపించినప్పుడు, అదే రేడియో స్టేషన్ పెట్టినప్పుడు ఆగుతోందా అని గమనించండి. చోటు అదే అయితే, డిస్కు మీద ఆ చోటు బాగాలేదని అర్థం.

క్యాబినెట్ ముందు భాగంలో మినుకుమినుకుమనే చిన్న లైటు ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆగిన క్షణంలో ఆ లైటు ఆరకుండా వెలిగే ఉంటే గేమ్ డిస్కు కోసం ఎదురుచూస్తోంది. ఆరిపోయి ఉంటే ఇంకెవరి కోసమో. పైసా ఖర్చు లేని ఈ పరీక్ష ఫార్మాట్ కంటే వందరెట్లు మేలు. నన్నడిగితే ఫార్మాట్ కొట్టడమంటే నేరం జరిగిన చోటును కడిగేసి తరవాత పోలీసులను పిలవడం.

డిస్కు తన ఆరోగ్యపు లెక్కలు తనే రాసుకుంటుంది. దీన్ని స్మార్ట్ అంటారు. చదవడానికి ఉచిత ఉపకరణాలున్నాయి. అందులో మూడు వరసలు చూస్తే చాలు. 5వ నంబరు వరస ఇప్పటికే పక్కన పెట్టేసిన సెక్టార్లది. 197వది అనుమానంలో ఉన్న సెక్టార్లది. 199వది డిస్కుకూ మదర్‌బోర్డుకూ మధ్య దారిలో చెడిపోయిన సమాచారానిది. మొదటి రెండూ పెరుగుతుంటే డిస్కు మూణ్నాళ్ల ముచ్చట. మూడోది మాత్రమే పెరుగుతుంటే డిస్కు నిక్షేపం, తప్పు కేబుల్‌ది, కొత్త కేబుల్ వేస్తే సరి. విండోస్ ఎక్స్‌పీ కాలపు యంత్రాల్లో ఇంకో విచిత్రం ఉండేది. ఇలాంటి తప్పులు ఆరు పోగవగానే విండోస్ ఆ డిస్కును వేగమైన డీఎంఏ పద్ధతి నుంచి దించుతూ దించుతూ పాత పీఐఓ పద్ధతికి తెచ్చేసేది. పీఐఓలో ప్రతి ముక్కనూ ప్రాసెసరే స్వయంగా మోయాలి, ఆ మోసేంతసేపూ గేమ్ స్తంభించేది. డిస్కు మార్చినా ర్యామ్ మార్చినా ఫలితం ఉండేది కాదు. డివైస్ మేనేజర్‌లో ఆ డిస్కు ఉన్న చానెల్‌ను తీసేసి రీస్టార్ట్ చేస్తే పోయేది.

వేడి గురించి అందరూ చెబుతారు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. పెంటియమ్ 4 కాలం నుంచి ప్రాసెసర్లు మరీ వేడెక్కితే తమ వేగం తామే తగ్గించుకుంటాయి. మే నెలలో హైదరాబాద్‌లో గది గాలే వెచ్చగా ఉంటుంది, ఫ్యాను రెక్కల మీద దుమ్ము పేరుకొని ఉంటుంది. కానీ వేడి వల్ల వచ్చే ఇబ్బంది ఎక్కువగా నిమిషాల పాటు సాగే మందగమనంలా ఉంటుంది, అరసెకను ఆగి తేరుకోవడంలా ఉండదు. అలాగే 2000 దశకం తొలినాళ్ల మదర్‌బోర్డుల్లో నాసిరకం ఎలక్ట్రోలైట్ వల్ల కెపాసిటర్లు ఉబ్బి పగిలిన ఉదంతం ప్రపంచమంతా జరిగింది. పాత బోర్డు తెరిస్తే కెపాసిటర్ల నెత్తి చదునుగా ఉందో బొడిపె కట్టిందో చూడండి. ఉబ్బితే మార్పించాల్సిందే. అయితే ఆ జబ్బులో యంత్రం ఆగితే సాధారణంగా మళ్లీ కదలదు, లేదా రీస్టార్ట్ అవుతుంది. తిరిగి నడుస్తోందా లేదా అన్నదే మనకు ముఖ్యమైన ఆధారం.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన అనుమానితుడి దగ్గరికి వద్దాం: గడియారం. గేమ్ ప్రతి బొమ్మకూ ముందు టైమెంత అని అడుగుతుంది. పోయినసారికీ ఇప్పటికీ ఎంత గడిచిందో చూసి కారును అంత దూరం జరుపుతుంది. విండోస్‌లో ఇందుకు చాలామంది వాడిన గడియారం మామూలుగా సెకనుకు 64 సార్లు మాత్రమే టిక్ అంటుంది. అంటే 15.6 మిల్లీసెకన్లకు ఒకసారి. గేమ్ సెకనుకు 60 బొమ్మలు గీస్తోంది. 64 టిక్కులను 60 బొమ్మలకు పంచాలి. ప్రతి బొమ్మకూ ఒక టిక్ వస్తుంది, నాలుగు బొమ్మలకు మాత్రం రెండేసి వస్తాయి. అంటే సెకనుకు నాలుగుసార్లు గేమ్ అసలు గడిచిన దానికి దాదాపు రెట్టింపు కాలం గడిచిందనుకొని కారును ఒక్క గెంతు గెంతిస్తుంది. డిస్కు బాగుంది, ప్రాసెసర్ బాగుంది, గ్రాఫిక్స్ కార్డు బాగుంది. అయినా కదలికలో సన్నని వణుకు. ఈ టిక్కులను వేగం చేయమని విండోస్‌ను అడిగే వీలుంది. చాలా ఏళ్లపాటు ఒక ప్రోగ్రాం అడిగితే అందరికీ గడియారం వేగమయ్యేది, వెనకాల బ్రౌజర్ తెరిచి ఉంటే గేమ్ నున్నగా నడవడం లాంటి వింతలు దీనివల్లే సాధ్యం. 2020లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ నుంచి ఆ ఉమ్మడి ఏర్పాటు పోయింది, ఎవరు అడిగితే వారికే.

ఇంకా సన్నని గడియారం ప్రాసెసర్ లోపలే ఉంది. 1993 నాటి పెంటియమ్‌తో వచ్చిన టైమ్ స్టాంప్ కౌంటర్ అది. ప్రాసెసర్ గడియారం కొట్టుకున్న ప్రతిసారీ ఒకటి కలుపుకుంటూ పోతుంది. 2000 ప్రాంతపు గేమ్ రచయితలు దీన్ని చూసి మురిసిపోయారు. అప్పట్లో ఇంటి కంప్యూటర్‌కు ఒకే కోర్. 2005లో ఏఎండీ ఆథ్లాన్ 64 ఎక్స్2 లాంటి రెండు కోర్ల ప్రాసెసర్లు ఇళ్లలోకి వచ్చాయి. ప్రతి కోర్‌కూ సొంత కౌంటర్. కరెంటు ఆదా కోసం ఒక కోర్ కాసేపు నెమ్మదిస్తే దాని లెక్క వెనకబడుతుంది. విండోస్ తన ఇష్టం వచ్చినప్పుడు గేమ్‌ను ఒక కోర్ నుంచి ఇంకో కోర్‌కు మారుస్తుంది. అలా మారిన క్షణాన గేమ్ టైము అడిగితే, ఇందాకటి కంటే తక్కువ అంకె వస్తుంది. కాలం వెనక్కి నడిచింది! కొన్ని గేములు అంకె మళ్లీ పాత చోటికి వచ్చేదాకా ఊరకే నిలబడేవి. కొన్ని ఆ ఋణ సంఖ్యను పెద్ద ధన సంఖ్యగా పొరబడి కారును ఎక్కడికో విసిరేసేవి. ఏఎండీ దీనికోసమే డ్యుయల్ కోర్ ఆప్టిమైజర్ అనే చిన్న ప్రోగ్రాం విడుదల చేసింది. తరవాతి ప్రాసెసర్లలో కౌంటర్లు ఒకే లయలో నడిచేలా సరిచేశారు. ఇప్పటికీ పాత గేమ్ మొరాయిస్తే టాస్క్ మేనేజర్‌లో అఫినిటీ అనే చోటికి వెళ్లి ఒక్క కోర్ మీదే నడవమనడం పనికొచ్చే చిట్కా. పనిచేస్తే గడియారమో, కోర్ల మధ్య తగవో అని తెలుస్తుంది.

గడియారాల తిప్పలు గేములకే పరిమితం అనుకోకండి. మిల్లీసెకన్లను 32 బిట్ల సంఖ్యలో లెక్కపెడితే 49.7 రోజులకు అది నిండి మళ్లీ సున్నా అవుతుంది. విండోస్ 95 సరిగ్గా అంతకాలం ఆపకుండా నడిస్తే స్తంభించేది. అన్నాళ్లు ఆగకుండా నడిచిన విండోస్ 95 అరుదు కాబట్టి ఆ లోపం బయటపడటానికే ఏళ్లు పట్టింది. 2015లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ బోయింగ్ 787 విమానాల కరెంటు జనరేటర్ల నియంత్రణ యూనిట్లను 248 రోజులు దాటకముందే ఆపి మళ్లీ వేయాలని ఆదేశించింది. సెకనులో నూరో వంతులను 31 బిట్లలో లెక్కపెడితే నిండే కాలం సరిగ్గా అంతే.

ఆగడం చాలా పొడుగ్గా, ఇరవై సెకన్ల చుట్టుపక్కల ఉంటే నెట్‌వర్క్ వైపు చూడండి. 2000 దశకపు ఆన్‌లైన్ గేముల్లో ఎన్నో గేమ్‌స్పై అనే సంస్థ సర్వర్లతో మాట్లాడేవి. 2014 మే 31న ఆ సర్వర్లు మూతపడ్డాయి. గేమ్‌కు ఆ సంగతి తెలియదు. మూసేసిన తలుపు ఇంకా కొడుతూనే ఉంటుంది. పాత విండోస్ ఒక కనెక్షన్ కోసం మూడు సెకన్లు చూసి, తరవాత ఆరు, తరవాత పన్నెండు సెకన్లు చూసి వదిలేసేది. మొత్తం 21. మీ ఫోన్ వీడియోలో 21 సెకన్ల దగ్గర తేలిందంటే ఇంటర్నెట్ కేబుల్ పీకి ఆడి చూడండి. నెట్ లేదని వెంటనే తెలిస్తే గేమ్ ఎదురుచూడటం మానేస్తుంది. జాయ్‌స్టిక్ కోసం యూఎస్‌బీ పోర్టులన్నిటినీ పదేపదే వెతికే గేములూ ఉన్నాయి, వాటికి మాత్రం అనవసరమైన పరికరాలు పీకితే సరిపోతుంది.

"ఏం మార్చలేదన్నా, నిన్నటిదాకా మంచిగనే నడిచింది" అని కూడా అంటారు. గేమ్ మారకపోయి ఉండొచ్చు, దాని చుట్టూ ఉన్న లోకం మారింది. దీనికి ఈ మధ్య దొరికిన గొప్ప ఉదాహరణ, పీసీ మీదకు 2005లో వచ్చిన శాన్ ఆండ్రియాస్ అనే గేమ్‌ది. 2024లో విండోస్ 11 కొత్త వెర్షన్ వచ్చాక అందులోని స్కిమ్మర్ అనే నీటి విమానం మాయమైంది. బలవంతంగా పిలిస్తే ఆటగాడు ఆకాశంలోకి ఊహకందని ఎత్తుకు ఎగిరిపోయి గేమ్ స్తంభించేది. సైలెంట్ అనే మారుపేరుతో పాత గేముల లోపాలు సరిచేసే ప్రోగ్రామర్ 2025లో కారణం పట్టుకున్నాడు. వాహనాల వివరాల ఫైల్లో స్కిమ్మర్ వరసలో చక్రాల కొలత రాయడం మర్చిపోయారు. ఆ ఖాళీ చోట, అంతకుముందు చదివిన వాహనం తాలూకు అంకెలు మెమొరీలో చెరగకుండా మిగిలి ఉండేవి, గేమ్ వాటినే వాడుకొని ఇరవై ఏళ్లు నెట్టుకొచ్చింది. కొత్త విండోస్ అదే చోటును తన అవసరానికి కాస్త ఎక్కువగా వాడుకోవడంతో మిగులు చెరిగిపోయి, అర్థంలేని అంకె వచ్చి కూర్చుంది. ఇక స్తంభించడానికి కారణం ఇంకా ముచ్చటైనది. విమానం పంకా రెక్క తిరిగిన కోణం ఒక పూర్తి చుట్టు దాటితే, దాటినంతసేపూ ఒక్కో చుట్టు తీసేస్తూ పొమ్మని ప్రోగ్రాం. కోణం అంకె ముప్పై స్థానాల దాకా పెరిగిపోయాక అందులోంచి ఆరు చిల్లర తీసేస్తే కంప్యూటర్ లెక్కలో అది మారనే మారదు. తీసేస్తూనే ఉంటుంది, ఎప్పటికీ.

సైలెంట్ చేసిన సవరణలు సైలెంట్‌ప్యాచ్ పేరుతో వైస్ సిటీకి కూడా ఉచితంగా దొరుకుతాయి. పాత డైరెక్ట్‌ఎక్స్ ఆదేశాలను కొత్త గ్రాఫిక్స్ కార్డుకు అర్థమయ్యేలా మార్చే డీజీవూడూ, డీఎక్స్‌వీకే లాంటివీ ఉన్నాయి. వేసుకోవచ్చు. అయితే అన్నీ ఒకేసారి వేయకండి. ఒకటి మార్చండి, అదే వీధిలో అంతేసేపు ఆడండి, ఎన్నిసార్లు ఆగిందో ఎంతసేపు ఆగిందో కాగితం మీద రాసుకోండి, తరవాత రెండోది మార్చండి. అప్పుడప్పుడూ మాత్రమే వచ్చే తప్పుతో చిక్కేమిటంటే, ఏమీ చేయకపోయినా అది ఒక పూట రాకుండా ఉండగలదు. గంటకు సగటున మూడుసార్లు, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఆగే గేమ్‌ను ఇరవై నిమిషాలు ఆడితే, ఒక్కసారి కూడా ఆగకుండా ఉండే అవకాశం నూటికి 37. రబ్బరుతో ర్యామ్ తుడిచి ఇరవై నిమిషాలు ఆడినవాళ్లలో, తుడవడం వల్ల ఏమీ మారకపోయినా, మూడోవంతు కంటే ఎక్కువమంది ఇలా ఉత్త పుణ్యానికే "సెట్ అయింది" అంటారు. గంటన్నరో రెండు గంటలో ఆడి చూస్తేనే ఆ మాట నమ్మాలి.

ఇవన్నీ చేసే ముందు ఒక పని. స్మార్ట్ పట్టికలో 5, 197 నంబర్ల వరసల్లో సున్నా కాక ఇంకేదైనా అంకె కనిపించినా, డిస్కు లోపల టిక్ టిక్ చప్పుడు వినిపించినా గేమ్ అక్కడే ఆపేయండి. పెళ్లి ఫొటోలు, పిల్లల వీడియోలు, ఇంటి కాగితాల స్కాన్లు చాలా ఇళ్లలో ఆ పాత డిస్కులోనే ఉంటాయి. ముందు వాటిని వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి.